కంటి మీద సింహం

ఆదెమ్మ నోరు మంచిది కాదు గానీ చెయ్యి మంచిది. గన్నవరం చుట్టుపక్కల ఎవర్ని అడిగినా ఈ మాటే చెబుతారు. ఊరి చివర కాలవ గట్టు పక్కన ఆమె ఇల్లు. మొగుడు జక్కయ్య పోయాక ఇంట్లో కుమ్మరి సారె మూలపడింది. మరిది చేసిన కుండల్నే తట్టకెత్తుకుని బెజవాడ తీసుకెళ్ళి అమ్ముకునేది. ప్లాస్టిక్ బిందెలొచ్చి ఆ బేరమూ చచ్చింది. అయినా ఆమె గుమ్మంలో జనం తగ్గలేదు. వాళ్ళు కుండల కోసం వచ్చేవాళ్ళు కాదు, అక్కి రాయించుకోవడానికి వచ్చేవాళ్ళు.

అక్కి అంటే తెలియనివాళ్ళు ఆ వైపు ఉండరు. ఉన్నట్టుండి నడుం మీదో రొమ్ము మీదో ఒక పక్కగా నీటిపొక్కులు గుంపుగా లేస్తాయి. నిప్పులు పోసినట్టు మంట. అది పాములా ఒళ్ళంతా చుట్టుకొచ్చి తల తోకను తాకిందంటే మనిషి దక్కడని జనానికి భయం. ఎర్రటి జాజు మట్టిని నీళ్ళలో కలిపి, కుమ్మరి చేత్తో ఆ పొక్కుల పక్కన సింహం బొమ్మ రాస్తే అక్కి అక్కడికి ఆగిపోతుందని నమ్మకం. ఆదెమ్మ అత్త రాసేది. అత్త పోయాక ఆదెమ్మ రాస్తోంది. పైసా పుచ్చుకునేది కాదు. కానీ షరతులు మాత్రం ఖరాఖండిగా చెప్పేది.

“రాశాక నీళ్ళు తగలకూడదు. నూనె తగలకూడదు. ఇంకొకళ్ళ చెయ్యి పడకూడదు. డాక్టరు మందు అసలే కూడదు. ఇష్టమైతే కూర్చో, లేకపోతే దారి చూసుకో.”

ఇంత పెంకి మనిషి దగ్గరికి ఎవరొస్తారంటారా? అందరూ వచ్చేవాళ్ళు. తిట్లు తిని, రాయించుకుని, కొన్నాళ్ళకు పొక్కులు ఎండి రాలిపోగానే తమలపాకులు పట్టుకుని మళ్ళీ వచ్చి దణ్ణం పెట్టి వెళ్ళేవాళ్ళు. ఆదెమ్మకి మీసాల్లేవు గానీ, ఉంటే మెలేసేదే.

ఆమె తిట్లకి నవ్వే మనిషి ఒకడుండేవాడు. కరిముల్లా. బెజవాడ నుంచి వచ్చే పల్లె బస్సుకి డ్రైవరు. నలభై దాటిన మనిషి, పెద్ద గొంతు. కాలవ గట్టు దగ్గర స్టాపు లేకపోయినా ఆదెమ్మ తట్ట కనిపిస్తే బస్సు ఆపేవాడు. కుండలు పగలకుండా ఇంజను బోనెట్టు పక్కన చోటిచ్చేవాడు.

“పిన్నమ్మా, నీ కుండలకి టిక్కెట్టు కొట్టించమంటావా?” అని ఆటపట్టించేవాడు.

“కొట్టించరా, నీ దుంపతెగ! నీ నెత్తిన ఒక్కోటీ పగలగొట్టి చిల్లర ఇస్తా.”

వాళ్ళ మాటలకి బస్సంతా నవ్వేది. కానీ వాళ్ళ మధ్య ఉన్నది ఒట్టి నవ్వులాట కాదు. ఒకనాడు జక్కయ్యకి గుండెల్లో నొప్పొచ్చి గట్టు మీద పడిపోతే, కరిముల్లా అతన్ని రెండు చేతులా ఎత్తి బస్సులో వేసుకున్నాడు. దారిలో ఒక్క స్టాపులోనూ ఆపకుండా బెజవాడ ఆస్పత్రి గుమ్మంలో దించాడు. ఆ తర్వాత జక్కయ్య రెండేళ్ళు బతికాడు. ఆ రెండేళ్ళూ కరిముల్లా పెట్టిన భిక్షేనని ఆదెమ్మ వాడకట్టులో పదిమంది ముందూ చెప్పేది.

అలాంటి కరిముల్లా తొంభై ఏడు వేసవిలో ఆటో దిగి ఆమె గుమ్మంలో నిలబడ్డాడు. పక్కన భార్య నుస్రత్ ఉంది. నుదుటికి కుడిపక్క, జుట్టు మొదలు నుంచి కనుబొమ దాకా పొక్కులు. ముక్కు కొన మీద కూడా రెండు లేచాయి. కుడి కన్ను వాచి సగం మూసుకుపోయింది.

“ఓరి నాయనో! ఎప్పుడు లేచిందిరా?” అంది ఆదెమ్మ.

“నిన్న పిన్నమ్మా. మాడు పగిలిపోతోంది. పొద్దున మా బస్సు డిపో డిస్పెన్సరీకి పోతే, డాక్టరుగారు చూసీ చూడగానే కంటాసుపత్రికి పొమ్మన్నారు. ఇవాళే పోవాలంట. నేను ముందు నీ దగ్గరికొచ్చా. చెప్పు, వెళ్ళనా?”

వెళ్ళనా అని అడిగాడు. చదువుకున్న డాక్టరు చెప్పిన మాటను పక్కన పెట్టి, ఆటో కట్టించుకుని వచ్చి మరీ తనని అడిగాడు. ఆదెమ్మ మనసు ఉబ్బిపోయింది. ఆ ఉబ్బే కొంప ముంచింది. నిజానికి ఆమె అంతకుముందు నడుం మీద రాసింది, వీపు మీద రాసింది, తొడ మీద రాసింది. కంటి దగ్గర ఎన్నడూ రాయలేదు. లోపల ఎక్కడో కొంచెం బెదిరింది కూడా. కానీ తెలియదని చెప్పడం ఆమెకి చేతనయ్యే పని కాదు.

“వెళ్తే వెళ్ళు, నిన్ను కట్టేశానా? కానీ ఒకటి. రాయించుకుంటే ఆస్పత్రి మాటెత్తకు. నా సింహం మీద ఇంకో చెయ్యి పడితే నేను పూచీ కాదు.”

నుస్రత్ మెత్తని మనిషి, గట్టిగా మాట్లాడి ఎరగదు. అయినా ఆ రోజు నోరు విప్పింది. “కన్ను కదా పిన్నమ్మా. ముందు చూపించుకుని కంట్లో చుక్కలేయించుకొస్తాం. ఆ తర్వాత రాద్దువుగాని.”

“చుక్కలు కారి సింహం చెరిగితే? అక్కి ముక్కు దాటి రెండో కంట్లోకి ఎక్కితే? అప్పుడు ఆపడానికి నువ్వొస్తావా?”

“ఊరుకో నుస్రత్,” అన్నాడు కరిముల్లా. “మా నాన్నకి రాసింది ఎవరనుకున్నావ్? పిన్నమ్మే. లేచి పరిగెత్తాడు ముసలాయన. నువ్వు రాయి పిన్నమ్మా.”

ఆదెమ్మ జాజు కలిపింది. అమ్మవారిని తలుచుకుని నుదుటి మధ్యలో ఒక సింహం, దవడ మీద ఒక సింహం రాసింది. అంత శ్రద్ధగా ఆమె ఎన్నడూ రాయలేదు. తోక కుచ్చు దగ్గర రెండుసార్లు చెరిపి మళ్ళీ దిద్దింది. ప్రేమ లేక కాదు, ఆమెకున్న ప్రేమంతా ఆ వేలి కొసలోనే ఉంది. ఎవరైనా ఆ మాట కాదంటే నేను ఒప్పుకోను.

రోజు విడిచి రోజు బెజవాడ వన్‌టౌన్‌లో వాళ్ళింటికి వెళ్ళి చూసొచ్చేది. మొదట్లో కరిముల్లా బాధ చూడలేక గుమ్మంలోనే నిలబడిపోయేది. అంత గొంతున్న మనిషి దిండులో మొహం పెట్టుకుని మూలిగేవాడు. వాచిన రెప్పల మధ్య చీము ఎండి అట్టకట్టింది. కంట్లో ఇసుక పోసి నలిపినట్టుందనేవాడు. నుస్రత్ మళ్ళీ ఆస్పత్రి మాటెత్తింది. ఆదెమ్మ కళ్ళెర్రజేసింది. ఆ పిల్ల తల దించుకుని వంటింట్లోకి పోయింది.

తర్వాత ఒకరోజు ఆదెమ్మ వెళ్ళేసరికి కరిముల్లా మంచం మీద లేచి కూర్చుని టీ తాగుతున్నాడు.

“నుదురు ఇంకా సలుపుతోంది గానీ, కంట్లో నొప్పి పోయింది పిన్నమ్మా. ఇసుకా లేదు, మంటా లేదు. ఏమీ తెలియట్లేదు.”

“చూశావా! సింహం పట్టింది!” అని ఆదెమ్మ చప్పట్లు చరిచింది. “ఏమే నుస్రత్, చుక్కలంట చుక్కలు! ఇప్పుడేమంటావ్?”

నుస్రత్ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆ పూట సేమ్యా కాచి ఆదెమ్మకి పెద్ద గిన్నెడు పెట్టింది. ముగ్గురూ మనసారా నవ్వుకున్నారు. పొక్కులు మాడిపోతున్నాయి, నొప్పి పోయింది, ఇంకేం కావాలి? ఆ కన్నొక్కటీ తెరుచుకోవాలి, అంతే.

పొక్కుల మీది చెక్కులన్నీ రాలిపోయిన రోజున ఆదెమ్మే దగ్గరుండి వేపాకు వేసి కాచిన గోరువెచ్చని నీళ్ళతో మొహం కడిగింది. జాజు ఎర్రగా పళ్ళెంలోకి కారింది. రెప్పల మీది అట్టను తడిగుడ్డతో నానబెట్టి మెల్లగా విడదీసింది. కన్ను తెరుచుకుంది.

లోపల నల్లగుడ్డు లేదు. సున్నం పూసినట్టు తెల్లగా ఉంది.

ఆదెమ్మ చేతిలో గుడ్డ జారిపోయింది. కరిముల్లా ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. మంచి కన్నును చేత్తో మూసుకుని చూశాడు. “ఏమైంది, మాట్లాడరేంటి? ఎవరూ కనపడట్లేదేంటి?” అన్నాడు.

ఆ మధ్యాహ్నమే గవర్నర్‌పేటలో కంటాసుపత్రికి పరిగెత్తారు. డాక్టరు శాలిని అని ఒకావిడ చూసింది. దూదిని సన్నగా పురితిప్పి, దాని కొసతో ఆ తెల్లటి గుడ్డును తాకింది. కరిముల్లా రెప్పయినా కొట్టలేదు. మంచి కన్నును తాకబోతే ఠక్కున మూసుకున్నాడు. ఆవిడ ఒక్క నిట్టూర్పు విడిచి, అతన్ని లోపల పడుకోబెట్టి, ఆడవాళ్ళిద్దరినీ బయటికి పిలిచింది.

“చిన్నప్పుడు ఈయనకి ఆటలమ్మ పోసి ఉంటుంది. ఆ వైరస్ ఒంట్లోంచి పోదమ్మా, నరాల్లో నిద్రపోతుంది. ఎన్నో ఏళ్ళకు ఒక నరం వెంట మళ్ళీ లేస్తుంది. మీరు అక్కి అనేది దాన్నే. ఈయనకి కంటికి పోయే నరంలో లేచింది. ముక్కు కొన మీద పొక్కులు కనిపించాయంటే కంటికి ముప్పని మేము భయపడతాం. మొదటి రెండు మూడు రోజుల్లో వస్తే దానికి మాత్రలున్నాయి. నూటికి నూరుపాళ్ళని చెప్పలేను గానీ, చాలామందికి కన్ను నిలబడుతుంది.”

“మరి నొప్పి తగ్గింది కదమ్మా?” అంది ఆదెమ్మ.

“తగ్గలేదమ్మా. నరం చచ్చిపోయింది. కంటికి స్పర్శ పోయింది. స్పర్శ పోతే పుండు పడినా తెలియదు, చీము పట్టినా తెలియదు. నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఉంటుంది, అది లోలోపలే కుళ్ళిపోయింది.”

ఆ రోజు తను కొట్టిన చప్పట్లు ఆదెమ్మకి గుర్తొచ్చాయి. ఆమె ఇంకో మాట అడిగింది. అడగకపోయినా బాగుండేది.

“రెండో కంట్లోకి పోకుండా అయితే ఆగింది కదమ్మా?”

“అది ఎలాగూ పోదమ్మా. ఒక పక్క నరంలో లేచింది ఆ పక్కనే ఉంటుంది. ముక్కు దాటి అవతలికి రాదు.”

“నడుం మీద లేచేది?”

“అదీ అంతే. కొన్ని వారాలకి దానంతటదే తగ్గిపోతుంది. ఏం రాసినా, ఏం రాయకపోయినా.”

ఆవిడ కసిరితే బాగుండేది. నాలుగు చీవాట్లు పెడితే ఆదెమ్మకి ఎదురు తిరగడానికైనా ఉండేది. ఆవిడ మెత్తగా భుజం తట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళూ తమలపాకులు పట్టుకొచ్చి దణ్ణం పెట్టినవాళ్ళందరికీ వాళ్ళంతట వాళ్ళకే తగ్గింది. తను చేసిందేమీ లేదు. ఏమైనా చేసిందంటే ఒకే ఒక్కడికి, అదీ కన్ను పోగొట్టడం.

“నా చెయ్యి విరిగిపోనూ,” అని ఆదెమ్మ నెత్తి కొట్టుకుంది. “నేనే చెబుతానమ్మా వాడికి. కాళ్ళు పట్టుకుంటా.”

నుస్రత్ ఆమె రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. ఆ పిల్ల కళ్ళలో కోపం ఉందో లేదో ఆదెమ్మకి తెలియలేదు.

“చెప్పొద్దు పిన్నమ్మా. నీ కోసం కాదు, ఆయన కోసం. అల్లా రాసిన రాత అనుకుంటే ఎలాగో బతుకుతాడు. ఆపితే ఆగేదని తెలిస్తే బతకలేడు. నా మీద ఒట్టేసి చెప్పు.”

ఆదెమ్మ ఒట్టేసింది.

కరిముల్లాకి ఒంటి కన్నుతో స్టీరింగు పట్టే వీల్లేకపోయింది. డిపోలోనే గేటు దగ్గర ఏదో పని ఇచ్చారు. తను నడిపిన బస్సు ఇంకొకడు బయటికి తీసుకెళ్తుంటే గేటు తీసి పక్కకి నిలబడాలి. ఆ సంగతి నుస్రత్ చెప్పి ఏడ్చింది గానీ, కరిముల్లా మాత్రం ఎవరి దగ్గరా ఒక్క మాట అనలేదు. పైగా డిపోలో కనిపించినవాడికల్లా చెప్పేవాడు: “మా పిన్నమ్మ చెయ్యి పడబట్టి ఒక కన్నైనా దక్కింది. లేకపోతే రెండూ పోయేవే.”

ఆ మాట తిరిగి తిరిగి ఊళ్ళోకి వచ్చింది. జనం ఇంకా ఎక్కువ రాసాగారు. ఆదెమ్మ ఎవరికీ రాయలేదు. చెయ్యి వణుకుతోందని ఒకళ్ళకి, ఒంట్లో బాగా లేదని ఒకళ్ళకి చెప్పి పంపేసేది. ఎందుకో చెప్పాలంటే ఒట్టు అడ్డం. పెద్దదైపోయింది పాపం, దిగులు పడిందని వాడకట్టంతా జాలి పడింది. తిట్టే ఆదెమ్మ తిట్టడం మానేస్తే ఇంకేమనుకుంటారు?

మరుసటి సంవత్సరం చలికాలం మొదట్లో కరిముల్లా బస్సు దిగి గట్టు మీదుగా నడిచొచ్చాడు. నల్లద్దాలు పెట్టుకున్నాడు. అతని చెయ్యి పట్టుకుని ఒకావిడ వస్తోంది. డిపోలో మెకానిక్కు తల్లి, అమలమ్మ అని. మెళ్ళో సిలువ, తల నిండా కొంగు. కొంగు తీస్తే నుదుటికి ఎడమపక్క పొక్కులు, కనుబొమ దిగి రెప్ప దాకా వచ్చాయి. ముక్కు కొన మీద ఒకటి మెరుస్తోంది.

“పిన్నమ్మా, నువ్వు రాయడం మానేశావని విన్నా. నా కోసం ఈ ఒక్కసారికి రాయి. నిన్న సాయంత్రం లేచిందంట. వీళ్ళబ్బాయి ఆస్పత్రికి తీసుకెళ్తానంటే, నేనే ఆపి నీ దగ్గరికి తీసుకొచ్చా. నాకు రెండో కన్ను నిలబెట్టినదానివి, ఈవిడకి రెండూ నిలబెట్టలేవా?”

ఆదెమ్మ చూపు ఆ ముక్కు కొన మీదే ఉంది. “నేను రాయనురా. ముందు ఆస్పత్రికి తీసుకుపో. ఈ క్షణమే పో.”

“అదేంటి పిన్నమ్మా? నా మీద అలిగావా?”

“ప్రభువు నీ చేతిలో స్వస్థత పెట్టాడంట కదమ్మా. ఎంతో ఆశతో వచ్చాను, కాదనకమ్మా,” అంది అమలమ్మ చేతులు జోడించి.

చెయ్యి వణుకుతోందని చెబితే పోయేది కాదు. అతను ఊరుకోడు. ఇక్కడ కాకపోతే ఇంకో ఊళ్ళో ఇంకో కుమ్మరిని వెతికి రాయిస్తాడు. అంత నమ్మకం అతనికి. ఆ నమ్మకం పెట్టింది తనే. ఆదెమ్మ అమలమ్మని అరుగు మీద కూర్చోమని, కరిముల్లా చెయ్యి పట్టుకుని ఇంటి వెనక ఆవం దగ్గరికి లాక్కుపోయింది. కుండలు కాల్చడం మానేశాక అక్కడ గడ్డి మొలిచింది.

“నేను రాయనురా కరిముల్లా. నా రాతతో ఏదీ ఆగదు. నీ కన్ను తీసింది అక్కి కాదు, నేను. ఆ రోజే ఆస్పత్రికి పోయుంటే నీ కన్ను ఉండేదేమో. డాక్టరమ్మ నాకూ నీ పెళ్ళానికీ చెప్పింది. రెండో కన్ను నేను నిలబెట్టింది కాదు, దానికసలు ముప్పే లేదు. నీకు చెప్పనని ఒట్టేశా. ఇదిగో, ఒట్టు తీసి గట్టున పెడుతున్నా. ఆవిడ కన్నైనా దక్కనీ.”

కరిముల్లా నల్లద్దాలు తీశాడు. తెల్లటి కన్ను, మంచి కన్ను రెండూ ఆమె వైపే ఉన్నాయి. అతను కేకలేస్తాడని, చెయ్యెత్తుతాడని ఆదెమ్మ చూసింది. ఎత్తితే బాగుండనుకుంది.

“ఆ రోజు నేను అడిగా కదా పిన్నమ్మా,” అన్నాడు చాలా మెల్లగా. “వెళ్ళనా అని.”

జక్కయ్యని ఆ చేతుల్లో వేసుకుని బెజవాడ దాకా ఆగకుండా పోయినవాడు. అతను అడిగిన ఆ ఒక్క మాటకి ఆదెమ్మ ఆనాడు వెళ్ళమని చెప్పలేకపోయింది. అతను అద్దాలు మళ్ళీ పెట్టుకుని అరుగు దగ్గరికి వెళ్ళాడు.

“పదండి అమలమ్మగారూ. ఆస్పత్రికి పోదాం. నిన్న సాయంత్రమే అన్నారుగా? ఇంకా టైముంది. తొందరగా రండి.”

గట్టెక్కి, వచ్చే పోయే లారీలకి చెయ్యెత్తి, ఒక లారీ ఆగితే ఆవిడని ఎక్కించి తనూ ఎక్కాడు. వెనక్కి చూడలేదు.

కొన్ని వారాల తర్వాత అమలమ్మ ఒక్కతే వచ్చింది. నుదుటి మీద మచ్చలున్నాయి గానీ రెండు కళ్ళూ నల్లగా, నిండుగా ఉన్నాయి. జామకాయలు, ఒక కొత్త రవిక గుడ్డ తెచ్చి ఆదెమ్మ ఒళ్ళో పెట్టింది.

“నువ్వు పొమ్మనబట్టే పోయానమ్మా. సరైన టైములో వచ్చారని డాక్టరమ్మ ఒకటే మెచ్చుకుంది. నీ కడుపు చల్లగుండ.”

“కరిముల్లా ఎలా ఉన్నాడమ్మా?”

“అంత మంచివాణ్ణి నేను చూళ్ళేదమ్మా! ఆ రోజంతా నా పక్కనే ఉన్నాడు. మాత్రలు తనే తెచ్చిచ్చాడు. డాక్టరమ్మ నా కంటికి భయం లేదని చెప్పేసరికి, ఎన్నిసార్లు అడిగాడనుకున్నావ్? ‘మొదటి రోజే వస్తే దక్కుతుందా అమ్మా, నిజంగా దక్కుతుందా?’ అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. ఆవిడ దక్కుతుందని చెప్పింది. అంతే, బయటికొచ్చి ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎంత ఊరుకోబెట్టినా ఊరుకోడే! పరాయిదాని కన్ను దక్కిందని అంత సంతోషపడే మనిషి ఉంటాడా ఈ రోజుల్లో?”

“ఉండడమ్మా,” అంది ఆదెమ్మ. ఒళ్ళోని జామకాయలు ఒక్కొక్కటే కిందికి దొర్లిపోతుంటే పట్టుకోలేదు.